పర్వాలేదంటే లేదనేనా?

తెర మీద పెద్ద సున్నా పడింది. పక్కనే ఆకుపచ్చ అక్షరాల్లో "రోగుల ఫిర్యాదులు" అని రాసి ఉంది. హాలంతా చప్పట్లు మోగాయి. ముందు వరసలో కూర్చున్న డాక్టర్ హైమావతి మాత్రం ఒళ్లోంచి చేతులు తీయలేదు.

సున్నా ఏమిటి, సున్నా? వందలమంది రోగులు. ఏడాదికి పైగా వారం వారం ఇంజెక్షన్లు. అంతమందిలో ఒక్కడికి తలనొప్పి రాలేదా? ఒక్కావిడకి కళ్లు తిరగలేదా? మంచినీళ్లు తాగితేనే పొలమారేవాళ్లుంటారు ఈ లోకంలో. మందన్నాక ఏదో ఒకటి ఉండి తీరాలి. జీవితమంతా కణాలతో కాపరం చేసిన మనిషికి ఆ సున్నా గొంతులో చేపముల్లులా అడ్డం పడింది.

తమాషా ఏమిటంటే, ఆ మందు కనిపెట్టింది ఆవిడే.

విశాఖపట్నంలోని ఆ పరిశోధన సంస్థలో హైమావతిని కుర్రాళ్లు చాటుగా 'కబుర్ల మేడమ్' అనేవారు. ఆవిడ పనంతా కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్ల మీదే. ఇక్కడ గాయమైంది రండి, నెత్తురు పంపండి, పెరిగింది చాలు ఆపండి అంటూ ఒంట్లో కణాలు క్షణం నోరు మూసుకోవు. కేన్సర్ కణితి చేసే దొంగపనల్లా చుట్టుపక్కల కణాలను హడలగొట్టడం. హడలిన కణాలు "అమ్మో ప్రమాదం, తిండి పంపండి, నెత్తురు పంపండి" అని గోల పెడతాయి. వచ్చిందంతా కణితి కూర్చుని మేస్తుంది. అందరూ కణితిని చంపే మందు కోసం వెతుకుతుంటే, హైమావతి ఆ ఇరుగుపొరుగును పట్టుకుంది. వాళ్లు హడలిపోకుండా ఉంటే దొంగకి కూడు పెట్టేదెవరు?

"మీ వంటింటి సిద్ధాంతం బాగుందమ్మా" అన్నాడు ఒకసారి ఓ పెద్ద శాస్త్రవేత్త, పదిమందిలో. నవ్వారు. వ్యాసాలు తిరిగొచ్చాయి. ఆవిడ వెనక చేరినవాళ్లు ఆవిడ కంటే ముందు ప్రొఫెసర్లయ్యారు. హైమావతి నోరున్న మనిషి. వెనకబడింది నోటివల్లే అన్నారు. అదే నోరు మగాడికుంటే ముక్కుసూటి మనిషి అనేవారని ఆవిడకి తెలుసు. అరిచింది, పోట్లాడింది, పని మానలేదు. చివరికి దొరికింది. పక్క కణాల చెవిలో "ఏం పర్వాలేదు, ఊరుకో" అని చెప్పే ఒక చిన్న అణువు. దానికి 'నిబ్బరం' అని పేరు పెట్టింది. ఎలకల్లో కణితులు తిండిలేక ఎండిపోయాయి. ఆవిడ రిటైరయ్యేనాటికి ఒక కంపెనీ ఆ మందు కొనుక్కుంది. ఆవిడ దగ్గర చదువుకున్న శేషసాయిని మనుషుల మీద పరీక్షలకి పెద్దగా పెట్టింది. ఆవిడని సలహాదారు అని ముందు వరసలో కూర్చోబెట్టింది.

"ఈ విజయం మా గురువుగారిది" అన్నాడు శేషసాయి వేదిక మీంచి, చేతులు జోడించి. "వచ్చే వారం అనుమతుల కమిటీ వస్తోంది. వాళ్ల ముందు మాట్లాడే రోగుల్లో మేడమ్ సొంత చెల్లెలు కూడా ఉన్నారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

మళ్లీ చప్పట్లు.

ఆ చెల్లెలు రాజ్యం. భర్త పోయాక అక్క దగ్గరే ఉంటోంది. పొట్టలో కణితి, కోయడానికి వీల్లేని చోట. ఆశ వదులుకోమన్నారు ఆసుపత్రిలో. నిబ్బరం మొదలుపెట్టాక నిమ్మకాయంత కణితి శనగగింజంత అయింది. మనిషి లేచి తిరుగుతోంది, వండుతోంది, పక్కవాటా పిల్లలకి పద్యాలు నేర్పుతోంది. రాజ్యాన్ని చూసిన ప్రతిసారీ తన బతుక్కి ఒక అర్థం ఉందని హైమావతికి అనిపించేది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి రాజ్యం వడియాలు వేయిస్తోంది. కంచం పెట్టింది, ముద్దపప్పు, వంకాయ కారం వేసింది. నెయ్యి వెయ్యడానికి చెయ్యి చాచినప్పుడు హైమావతి ఆ మణికట్టు చూసింది.

అరచెయ్యంత మేర చర్మం కాలి, పాలిపోయి, అంచులు లేచిపోయి ఉంది.

"ఒసేయ్, ఇదేమిటే?"

"ఏది?" రాజ్యం చెయ్యి తిప్పి చూసుకుంది. "అయ్యో, ఎప్పుడు కాలిందో. చూసుకోనేలేదు. పర్లేదులే అక్కా, నువ్వు తిను."

"చర్మం ఊడొస్తుంటే పర్లేదేమిటే!"

"నొప్పేం లేదుగా. ఎందుకంత గాభరా?"

హైమావతి ఆ చెయ్యి లాక్కుని వెలుతురులో చూసింది. బొబ్బ లేదు. ఎరుపు లేదు. వాపు లేదు. కాలి కొన్ని రోజులైనట్టుంది, అయినా చుట్టూ ఉన్న చర్మం ఏమీ ఎరగనట్టు చల్లగా, తెల్లగా ఉంది. బొటనవేలితో గాయం అంచు నొక్కింది. రాజ్యం మొహంలో ఏ మార్పూ లేదు. పైగా నవ్వింది.

"డాక్టరమ్మగారు చూడ్డం అయిపోతే వడియాలు మాడిపోతున్నాయి."

హైమావతి కంచం పక్కకి జరిపింది. కాలిన చర్మం ఎర్రబడాలి. ఎరుపంటే నెత్తురు పంపమని కబురు. వాపంటే కాపలాకి రమ్మని కబురు. నొప్పంటే చెయ్యి కదపొద్దని కబురు. ఇక్కడ కణాలు చచ్చిపోతూ కూడా పక్కవాళ్లకి మాట చెప్పడం లేదు. మందు కణితి చుట్టూ ఉన్నవాళ్లనే కదా ఊరుకోమనాల్సింది! ఒళ్లంతా పాకి అందరి నోళ్లూ మూసేసింది.

మర్నాడు పొద్దున్నే పాత ల్యాబుకి వెళ్లింది. అక్కడ కణాల కబుర్లు కంటికి కనబడతాయి. గాజుపళ్లెంలో ఒక కణం ఆపదలో పడి కబురు పంపితే తెర మీద నీలం చుక్క వెలుగుతుంది. హైమావతి రెండు పళ్లేల్లో మామూలు చర్మకణాలు తీసుకుంది. ఒకదానిలో నిబ్బరం వేసింది. రెంటిలోనూ ఒక చుక్క ఆమ్లం వదిలింది. మందు వెయ్యని పళ్లెం దీపావళి మతాబులా నీలంగా భగ్గుమంది. మందు వేసిన పళ్లెంలో కణాలు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. ఒక్క చుక్క వెలగలేదు. ఎలకల్లో ఇది ఎందుకు కనబడలేదు? కనబడదు. శుభ్రమైన బోనుల్లో పెంచిన ఎలకలు పొయ్యి దగ్గర నిలబడవు, కూరలు తరగవు.

నేరుగా శేషసాయి గదికి వెళ్లింది.

"ఈ పరీక్షలో పోయినవాళ్లెవరైనా ఉన్నారా?"

శేషసాయి కుర్చీలోంచి లేచాడు. ఎంత పెద్దవాడైనా ఆవిడ ముందు కూర్చోడు, ఆ మర్యాదకేం లోటు లేదు. "ఒక్కరే మేడమ్. అప్పన్న అని, భీమిలి వైపు జాలరి. పేగు పగిలి పోయాడు. మన మందుకి సంబంధం లేదని తేల్చారు."

"ఎవరు తేల్చారు?"

"మనవాళ్లే మేడమ్."

భీమిలి దగ్గర ఆ పల్లెలో అప్పన్న ఇల్లు వెతకడం కష్టం కాలేదు. అప్పన్న భార్య నూకాలమ్మ గుమ్మంలో ఎండు చేపలు తిరగేస్తోంది. ఆసుపత్రి నుంచి అనగానే పీట వేసింది, టీ పెట్టబోయింది. హైమావతి వద్దని కూర్చుంది. ఏమైందో చెప్పమంది.

"ఏటి సెప్పమంతావు తల్లీ? నవ్వతానే కూకున్నాడు. జొరం నేదు, నొప్పి నేదు. కడుపు మాత్రం బల్లనాగ బిగిసిపోనాది. ఏటి మాఁవా అంటే, పర్నేదే అన్నాడు. తెల్లారీసరికి మడిసి నేడు."

"ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదా?"

"అదేటమ్మా, సెప్పకేటి?" నూకాలమ్మ గొంతు లేచింది. "ముందు రోజే సూదికెల్లాం కదా. ఆ పలకనాటిది ఎదర ఎట్టి, సెప్పు అన్నారు. కూడు సయించట్నేదు, నిద్దర నేదు, ఒంట్లో బాగోనేదు అని మూడూ సెప్పాడు. నాను పక్కనే ఉన్నాను."

"వాళ్లేమన్నారు?"

"ఏటంతారు? పలకలో పచ్చ బొమ్మ నవ్వినాది. సరే ఎల్లండి అన్నారు."

చెప్పాడు! నొప్పి తెలియని మనిషి, జ్వరం రాని మనిషి, ఒంట్లో ఏదో తేడా ఉందని ఎలాగో కనిపెట్టి, ఉన్న మాటలన్నీ కూడదీసుకుని చెప్పాడు. చెప్పింది ఎక్కడికి పోయింది మరి? సున్నాలోకి ఎలా పోయింది?

కారు తిన్నగా వార్డుకి పోనివ్వమంది.

వార్డులో నర్సు చేతిలోంచి, రోగుల మాటలు విని రాసుకునే ఆ ట్యాబు తీసుకుంది. దాని మీద వేలు పెట్టగానే తియ్యటి ఆడగొంతు పలికింది. "నమస్కారం. మీకు ఏమైనా బాధ ఉందా, లేదా?"

"ఒంట్లో బాగాలేదు" అంది హైమావతి.

ఆకుపచ్చ మొహం ఒకటి తెర మీద నవ్వింది. కింద "ఫిర్యాదు లేదు. ధన్యవాదాలు" అని పడింది.

ఆవిడ మళ్లీ నొక్కింది. "నిద్ర పట్టడం లేదు."

పచ్చ మొహం నవ్వింది. ఫిర్యాదు లేదు.

"ఊపిరి ఆడటం లేదు. ప్రాణం నిలవడం లేదు!"

ఫిర్యాదు లేదు. ధన్యవాదాలు.

నర్సు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. హైమావతికి అరికాలి మంట నెత్తికెక్కింది. ట్యాబు చంకలో పెట్టుకుని, నర్సు వెనకాల పిలుస్తున్నా వినకుండా, మెట్లెక్కి శేషసాయి గది తలుపు తోసింది. లోపల ఇద్దరు కంపెనీ మనుషులున్నారు. "మీరు బయటికెళ్లండి" అందావిడ. వాళ్లు వెళ్లారు.

"శేషూ, ఇది మాట వినదు, మాట చివర వింటుంది. చివర 'లేదు' వినబడితే చాలు, బాధ లేదని రాసుకుంటోంది. మన భాషలో సగం బాధలు 'లేదు'తోనే కదరా ముగుస్తాయి! ఆకలి లేదు. నిద్ర లేదు. ఓపిక లేదు. దిక్కు లేదు. ఎంత దరిద్రం ఉన్నా మనవాళ్లు చెప్పుకునేది ఆ మాటతోనే!"

శేషసాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "దీన్ని తయారు చేసినవాళ్లకి తెలుగు రాదు మేడమ్."

"నీకొచ్చు కదా!"

అతను కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"మీ అమ్మ ఎక్కడి మనిషి? పాలకొండ కాదూ? పర్నేదు అంటే ఏమిటో నీకు తెలీదూ? చస్తున్నా ఇంకొకళ్లకి ఇబ్బంది కలగకూడదని మనవాళ్లు అనే మాట కదా అది! ఇది తప్పు వింటోందని నీకు ఎప్పుడు తెలిసింది?"

"అప్పన్న పోయాక" అన్నాడు శేషసాయి, చాలా చిన్నగా. "అప్పటికి సగం పైన అయిపోయింది మేడమ్. ఇప్పుడు మారిస్తే మొత్తం మొదటికొస్తుంది. ఏళ్లు పడతాయి. ఈలోపు ఎంతమంది పోతారో మీకు తెలుసు. మందు పనిచేస్తోంది. అది అబద్ధం కాదు కదా? రాజ్యంగారు ఇవాళ నడుస్తున్నారంటే దేనివల్ల?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది.

"ఆపమని నేననలేదు" అంది హైమావతి. "చెప్పమంటున్నాను. ఈ మందు వేసుకుంటే నొప్పి తెలీదు, జ్వరం రాదు, కాబట్టి రోజూ ఒళ్లు తడిమి చూసుకోవాలి, నెత్తురు పరీక్షలు చెయ్యాలి అని చెప్పమంటున్నాను. అంతమాత్రం చెబితే అప్పన్న బతికేవాడు."

"అలా చెబితే కమిటీ ఒప్పుకోదు. కంపెనీ వదిలేస్తుంది. అప్పుడు ఇంజెక్షన్లు ఎవరికీ ఉండవు, మీ చెల్లెలితో సహా." శేషసాయి ఆవిడ కళ్లలోకి చూడలేదు. "అయినా మీ దగ్గరేముంది మేడమ్? పళ్లెంలో కణాలు. కమిటీ వినేది మనుషుల మాట. మనుషులంతా పర్వాలేదనే అంటున్నారు."

తను పాఠం చెప్పిన పిల్లాడు. ఒకప్పుడు పరీక్షలో ఒక్క అంకె తప్పు రాసి, తనే వచ్చి చెప్పుకుని ఏడ్చిన పిల్లాడు. ఆ పిల్లాణ్ణి ఎవరు మింగేశారు? చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. ట్యాబు బల్ల మీద విసిరేసి బయటికొచ్చింది.

ఇంట్లో ఆ సాయంత్రం గిన్నెలన్నీ చప్పుడు చేశాయి. తలుపులు దడేల్‌మన్నాయి. రాజ్యం ఉతికిన బట్టలు మడతపెడుతూ కాసేపు చూసింది.

"ఎవరి మీద కోపం?"

"నా మీద. నీ మీద. ఈ దిక్కుమాలిన దేశంలో ప్రతి మర్యాదస్థుడి మీదా!"

తర్వాత అంతా చెప్పింది. పళ్లెంలో చచ్చిన కణాల సంగతి, అప్పన్న సంగతి, పచ్చ బొమ్మ నవ్విన సంగతి, శేషసాయి సంగతి. రాజ్యం మడతపెట్టడం ఆపి వింది. కాలిన చెయ్యిని ఒకసారి తిప్పి చూసుకుంది.

"ఆయన చెప్పాడన్నమాట" అంది.

"చెప్పాడు. మూడు మాటలు చెప్పాడు."

"నేనైతే ఆ మూడూ కూడా చెప్పేదాన్ని కాదు."

అది నిజం. చిన్నప్పుడు బడికి వెళ్లే దారిలో రాజ్యం కాలిలో మేకు దిగింది. కిక్కురుమనకుండా సాయంత్రం దాకా నడిచింది. ఇంటికొచ్చాక చూస్తే చెప్పంతా నెత్తురు. "బంగారు తల్లి, ఎంత ఓర్పు!" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పుకుంది అమ్మ. అదే వారం హైమావతి వేలు తలుపు సందులో పడితే వీధంతా వినబడేలా అరిచింది. "గయ్యాళి పిల్ల, ఎలా కాపరం చేస్తుందో" అన్నారు. అలా అరవడం అమ్మాయిలకి మంచిదని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మేకు సంగతి మురిపెంగా చెప్పుకున్న ప్రతి నోటినీ కడిగెయ్యాలనిపిస్తుంది. మందు మాట దేవుడెరుగు, ఆ ఇంటి ఆడపిల్లలకి నిబ్బరం ఉగ్గుపాలతోనే పట్టారు. తను మాత్రం ఏం చేసింది? ముప్ఫై ఏళ్లు కష్టపడి అదే మాటని సూదిలోకి ఎక్కించింది.

"ఇంజెక్షన్ మానేస్తే నొప్పి వస్తుందా?" అడిగింది రాజ్యం.

"ఆ మాట ఎందుకు?"

"వస్తుందా, రాదా?"

"వస్తుంది. వారం తప్పిపోతే కణాలకి మళ్లీ నోరొస్తుంది."

"కణితి?"

"దానికీ కూడు దొరుకుతుంది." హైమావతి వచ్చి చెల్లెలి ఎదురుగా కూర్చుంది. "ఎంత పెరుగుతుందో, మళ్లీ తగ్గుతుందో లేదో చెప్పలేను. రాజ్యం, నేను నిన్ను ఏమీ అడగడం లేదు. వింటున్నావా? అడగను కూడా."

"నువ్వు అడగలేదులే" అంది రాజ్యం. చీర మడత సరిచేసి బీరువాలో పెట్టింది. "నొప్పి లేకుండా ఈ ఏడాది హాయిగా ఉందే అక్కా. అబద్ధం ఎందుకు? పొద్దున్న లేవగానే ఒళ్లు తేలిగ్గా ఉండేది. అప్పన్నకీ అలాగే ఉండి ఉంటుంది."

ఇంజెక్షన్ రోజున కారు వచ్చింది. రాజ్యం గుమ్మంలో నిలబడి, ఒంట్లో నలతగా ఉంది, ఇవాళ రానని చెప్పింది. డ్రైవరు ఫోన్లో ఎవరికో చెప్పాడు. కమిటీ రోజుకి వస్తారు కదా అని అటువైపు అడిగారు. తప్పకుండా వస్తానంది.

రెండు మూడు రోజులకి ఆ చెయ్యి ఎర్రబడింది. తర్వాత ఉబ్బింది. మోచేతి దాకా వేడెక్కింది. చీము పట్టింది. హైమావతి జన్మలో ఒక వాపుని చూసి సంతోషించడం అదే మొదలు. సంతోషించినందుకు వంటింట్లోకి వెళ్లి తల గోడకేసి కొట్టుకున్నంత పని చేసింది. మందులు మొదలుపెట్టింది. చీము తగ్గుముఖం పట్టింది గానీ కడుపులో నొప్పి మొదలైంది. రాజ్యం మంచం మీద ముడుచుకుని, పళ్లు బిగించి పడుకుంది. ఏడాదిగా మరిచిపోయిన నొప్పి, బాకీ తీర్చుకుంటున్నట్టు వచ్చింది.

"ఇక చాలు. ఆసుపత్రికి పోదాం, ఇంజెక్షన్ వేయిస్తాను" అంది హైమావతి కమిటీ రోజు పొద్దున.

"ముందు అక్కడికి" అంది రాజ్యం. జుట్టు దువ్వుకుంది, మంచి చీర కట్టుకుంది. చెయ్యి కొంగులో దాచుకుంది.

కమిటీ హాల్లో పొడుగాటి బల్ల వెనక ఏడుగురు కూర్చున్నారు. మధ్యలో నెరిసిన జుట్టు పెద్దాయన, పేరున్న వైద్యుడు. బల్ల ముందు ఒక కుర్చీ, కుర్చీ ఎదుట ట్యాబు. ట్యాబులో ఏం పడితే అది వెనక పెద్ద తెర మీదా పడుతుంది. రోగులు వరసగా వచ్చారు. తియ్యటి గొంతు అడిగింది, వాళ్లు జవాబు చెప్పారు. పర్వాలేదండి. ఏం లేదు బాబూ. పర్నేదు. ప్రతిసారీ పచ్చ మొహం నవ్వింది. ఒక ముసలాయన "అన్నం రుచించడం లేదండి" అన్నాడు. దానికీ నవ్వింది. బల్ల వెనక ఇద్దరు ముగ్గురికి తెలుగు వచ్చు. విన్నారో లేదో, తలలు మాత్రం ఊపారు. తెర మీద పచ్చ బొమ్మ కళ్లెదుట ఉంటే చెవులెవరిక్కావాలి?

"చివరగా రాజ్యలక్ష్మిగారు" అన్నాడు శేషసాయి. "ఈ మందు కనిపెట్టిన శాస్త్రవేత్త చెల్లెలు."

రాజ్యం నడుం వంగి నడిచింది. శేషసాయి మొహంలో నవ్వు సగంలో ఆగింది. ఆవిడ కుర్చీలో కూర్చుంది.

"నమస్కారం. మీకు ఏమైనా బాధ ఉందా, లేదా?"

"పర్..." అంది రాజ్యం.

పక్కన నిలబడ్డ హైమావతి కళ్లు మూసుకుంది. అరవై ఏళ్లకి దగ్గరపడిన అలవాటు. నోటి చివర కూర్చుని ఉంటుంది, పిలవకుండానే వస్తుంది. తను ఒక్క మాట అందించకూడదు. అందిస్తే అది చెల్లెలి మాట కాదు.

రాజ్యం పెదాలు బిగించింది. కొంగులోంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. ఎర్రగా, ఉబ్బి, కట్టు కట్టి ఉంది.

"ఉంది" అంది.

తెర మీద ఒక చక్రం గిర్రున తిరిగింది. పచ్చ మొహం రాలేదు. "క్షమించండి. మీ మాట అర్థం కాలేదు. మీకు ఏమైనా బాధ ఉందా, లేదా?"

"ఉంది. చెయ్యి మండుతోంది. కడుపులో పొడుస్తోంది."

"క్షమించండి. మీ మాట అర్థం కాలేదు. మీకు ఏమైనా బాధ ఉందా, లేదా?"

బల్ల వెనకవాళ్లు కాగితాల్లోంచి తలలెత్తారు. హైమావతికి అప్పుడు తెలిసింది, ఆ సున్నా అంత గుండ్రంగా ఎలా వచ్చిందో. 'లేదు' అన్నవాళ్లని ఒక్కసారి అడిగింది. 'ఉంది' అన్నవాళ్లని మాత్రం 'లేదు' అనేదాకా అడిగింది. విసుగొచ్చో, సిగ్గేసో, వెనక వరస ఆగిపోతోందనో చివరికి అందరూ పర్వాలేదనే అన్నారు.

"ఇది నిర్ధారణ కోసం పెట్టిన..." అంటూ శేషసాయి వచ్చి ట్యాబు మీద చెయ్యి వెయ్యబోయాడు. హైమావతి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. ఎన్నిసార్లు అడుగుతుందో అడగనీ. చెప్పేది నా చెల్లెలు. కిందటి వారం ఈ మందు మానేసింది, అందుకే నోరొచ్చింది. ఆ మందేసుకున్న మిగతావాళ్ల ఒళ్లు తడిమి చూడండి, కాలిన చోట్లు చూడండి, నెత్తురు పరీక్షించండి! అప్పన్న అనే మనిషి చెప్పి మరీ చచ్చిపోయాడు. మీ పచ్చ బొమ్మ నవ్వింది. తెలుగొచ్చినవాళ్లు పక్కనే ఉండి విని నవ్వనిచ్చారు!"

"ఉందా, లేదా?" అంది ట్యాబు.

వరసలోంచి అన్నం రుచించని ముసలాయన లేచాడు. "బాబూ, నా మాట కూడా అది సరిగ్గా విన్నట్టు లేదు. మళ్లీ చెప్పొచ్చా?" అతని వెనక ఇంకొకావిడ లేచింది. నెరిసిన జుట్టు పెద్దాయన ఎదుట ఉన్న కాగితాలను పక్కకి నెట్టేశాడు. "ఆ తెర తీసెయ్యండి. ఈ సున్నా చెల్లదు. ఒక్కొక్కళ్లనీ మనుషులే అడుగుతారు, మనుషులే వింటారు. ముందు ఈవిడకి మంచం వెయ్యండి."

శేషసాయి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. అతని వైపు ఎవరూ చూడలేదు.

రాజ్యం కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయింది. కడుపు రెండు చేతులా పట్టుకుని ముందుకి వంగింది. హైమావతి నేల మీద మోకాళ్లూని ఆమె తలని గుండెకి అదుముకుంది. ఆ తల చెమటతో తడిసిపోయి ఉంది. ఈ వారం కణితి ఎంత తిన్నదో, తిన్నది మళ్లీ కక్కుతుందో లేదో, కబుర్ల మేడమ్‌కి కూడా తెలియదు.

"అక్కా, నొప్పే" అంది రాజ్యం, ఎవరికీ వినబడకూడదన్నట్టు, పళ్ల మధ్య నుంచి. "చాలా నొప్పిగా ఉందే."

"గట్టిగా చెప్పవే. ఓర్చుకోకు. అరవ్వే, రాజ్యం, అరవ్వే!"

రాజ్యం తలెత్తింది. నోరు తెరిచి, చిన్నప్పటి మేకు దగ్గర్నుంచి దాచుకున్నదంతా కలిపి, హాలు దద్దరిల్లేలా అరిచింది.